జ్వరానికి మూసుకునే గుమ్మం

విశాఖపట్నంలో మా ప్రయోగశాల తలుపు మీద ఒక కాగితం అంటించి ఉండేది: "జలుబు, జ్వరం ఉన్నవారు తగ్గిన తరవాత రావలెను." చెవి పరీక్షలు చేసే చోట ఇలాంటిదొకటి ఎప్పుడూ ఉంటుంది. ముక్కు దిబ్బడ వేసిన మనిషికి చెవులూ దిబ్బడ వేస్తాయి. ఆ రోజు తీసిన కొలత దేనికీ పనికిరాదు. అందుకని ఒళ్ళు వెచ్చగా ఉన్నవాళ్ళకి మంచినీళ్ళిచ్చి, నాలుగు మంచి మాటలు చెప్పి, ఆటో ఎక్కించి పంపేసేవాళ్ళం. మహా జాగ్రత్త మనుషులం. చివరికి మా కొంప ముంచింది ఆ జాగ్రత్తే.

నా పేరు సువర్చల. నేను మందులిచ్చే డాక్టర్ని కాను, కొత్తవి కనిపెట్టే మనిషినీ కాను. అద్దానికి ఇవతల కూర్చుని, అవతల గదిలో ఉన్నవాళ్ళ చెవుల్లోకి సన్నటి కూతలు పంపి, వినబడితే మీట నొక్కమంటాను. ఎవరికి ఎంత వినబడుతుందో నాకు తెలుస్తుంది. ఎవరు వినబడనట్టు నటిస్తున్నారో కూడా తెలుస్తుంది. ఈ రెండో విద్య మా ఆయన మీద బాగా పనికొచ్చింది.

కనిపెట్టిన మనిషి మా పెద్దాయన, డాక్టర్ ఉమాకాంతం. ఆయన సంగతి చెప్పాలంటే నూకరత్నం వచ్చిన మొదటి రోజు చెప్పాలి.

నూకరత్నానిది అనకాపల్లి పక్కన పల్లె. బెల్లం వండే కుటుంబం. ఏడో ఏట మొదలై వినికిడి మెల్లగా తగ్గుతూ వచ్చి, పదో ఏటికి పూర్తిగా పోయింది. పెదాలు చూసి మాట అందుకునేది. తన గొంతు తనకి వినబడదు గనక కాస్త గట్టిగా మాట్లాడేది. ఆ రోజు మంచి ఎండలో భర్త అప్పలసూరి, అత్త సన్యాసమ్మ, ఐదేళ్ళ కూతురు హారికతో కలిసి బస్సు దిగి వచ్చింది.

"నా సెవుల్లో ఏటి పాడయిందో ముందు సెప్పండి బాబూ," అంది.

ఉమాకాంతం గారు బొమ్మలు గీసి చెప్పే రకం కాదు. నా చేతికి మజ్జిగ గ్లాసు ఇచ్చి నన్ను గది బయట నిలబెట్టారు. తలుపు మూసి, గడియ మీద చెయ్యి వేసి, అద్దంలోంచి నన్ను చూపిస్తూ ఆమెకి కనబడేలా మెల్లగా చెప్పారు.

"సువర్చల చెవిలోని కణం. మజ్జిగ ఆ కణం నరానికి అందించే రసాయనం. నువ్వు నరానివి. బయట చప్పుడైంది, సువర్చల వింది, మజ్జిగ తెచ్చింది. మజ్జిగ ఉంది, తాగే మనిషి ఉంది, తలుపు తీసేవాడు లేడు. నీ చెవిలో అంతా బాగుంది. ఆ తలుపు దగ్గర ఉండాల్సిన ఒక్క ప్రొటీన్ పాడైంది."

"అయితే తలుపు తియ్యండి బాబూ," అంది నూకరత్నం. "ఎండన పడొచ్చినాం."

ఆయన నవ్వి తలుపు తీశారు. ఆయన కనిపెట్టింది కూడా ఆ తలుపు తీసేవాడినే. చెవిలోని కణం పైపొర లోపలి వైపున రసాయనం నిండిన చిన్న చిన్న తిత్తులు బారులు తీరి ఉంటాయట. చప్పుడు రాగానే ఒక ప్రొటీన్ తిత్తిని పట్టి పొరకి అదిమితే, రెండూ కలిసిపోయి రసాయనం బయటికి ఒలుకుతుంది. నరం దాన్ని అందుకుంటుంది. దాన్నే మనం వినడం అంటాం. ఆ ప్రొటీన్‌ని ఆయన కొత్తగా తయారు చేశారు. అదెలా చేసుకోవాలో చెవికి నేర్పే మందు ఒక్క సూదిలో వెళ్తుంది. కాగితాల మీద దానికి నోరు తిరగని పేరుంది. మేం మాత్రం గుమ్మంగాడు అనేవాళ్ళం.

ఆ మధ్యాహ్నమే నేనొకటి గమనించాను. హారిక తల్లిని పిలవదు. ఏది కావాలన్నా పక్కకి వచ్చి కొంగు లాగుతుంది. ఆకలికి ఒకసారి, దాహానికి ఒకసారి, బల్ల తగిలి మోకాలు గీసుకుపోయినప్పుడు కూడా నోరు విప్పకుండా వచ్చి కొంగే లాగింది.

"పుట్టినప్పుడు దీని ఏడుపు దానికి ఇనబడదు కదమ్మా," అంది సన్యాసమ్మ. "ఉయ్యాలకీ నా కోడలి సేతికీ దారం కట్టినాను. గుంట కదిలితే దారం లాగుతాది, ఇది లెగుస్తాది. ఆ గుంట నేర్చీసుకుంది. ఏడిస్తే అమ్మ రాదు, లాగితే వస్తాది."

అత్త పెదాలనే చూస్తున్న నూకరత్నం నా వైపు తిరిగింది. "నా కూతురు ఏడుపు మానీసిందమ్మా. బుజ్జి గుంట, ఆకలేసినా ఏడవలేదు. ఇంకో బిడ్డ పుడితే ఏడుపు ఇని లెగాల. అందుకే వచ్చినాను. నాకింకేటొద్దు."

ఆ మాట విన్నాక నాకు మిగతా పని మీద మనసు నిలవలేదు.

సూది వేసిన కొన్ని వారాలకి ఆమె అద్దం గదిలో మొదటిసారి మీట నొక్కింది. నేను కూత తగ్గించాను, నొక్కింది. ఇంకా తగ్గించాను, నొక్కింది. బయటికొచ్చి వరండాలో ఆగిపోయింది. బెంచీ మీద హారిక వేరుసెనగ ఉండ కొరుకుతోంది. నూకరత్నం దాని ముందు చతికిలబడి, "మళ్ళీ కొరుకు," అంది. అది కొరికింది. "మళ్ళీ," అంది. ఉండ అయిపోయేదాకా కొరికించింది. ఉమాకాంతం గారు కిటికీ వైపు తిరిగి కళ్ళజోడు తుడుచుకున్నారు.

చెరుకు గానుగలు మొదలయ్యాక సన్యాసమ్మ ఫోన్ చేసింది.

"అమ్మా, మీరు బాగుసేసిన సెవులు మా బెల్లం పెనం కాడ పన్సెయ్యడం లేదు. పిలిస్తే పలకదు. బయటికొచ్చి సల్లబడినాక, ఏటత్తా అంటాది. నా మీద కోపమేమో అనుకున్నాను. కోపమైతే మా ఇంట్లో ఎప్పుడూ ఉండేదే, ఇది ఏరేలాగుంది."

నూకరత్నాన్ని పిలిపించి పరీక్ష చేశాను. చెవులు శుభ్రంగా వింటున్నాయి. ఇంకోసారి చేశాను, అంతే. పొయ్యి చప్పుడులో వినబడక పోయుంటుందన్నారు ఉమాకాంతం గారు. నాకు తృప్తి కలగలేదు. సంచిలో పెట్టుకుని తిరిగే చిన్న మిషను తీసుకుని వాళ్ళ ఊరు బయల్దేరాను.

పాకలో పెద్ద పెనం నిండా చెరుకు రసం తెర్లుతోంది. కింద ఎండిన పిప్పి మండుతోంది. నూకరత్నం పొడుగు గరిటెతో పైకి తేలిన మడ్డి తీస్తోంది. అక్కడ రెండు నిమిషాలు నిలబడేసరికి నా చీర ఒంటికి అంటుకుపోయింది. ఆమె వెనక నించుని పేరు పెట్టి పిలిచాను. తిరగలేదు. ఇంకా దగ్గరికి వెళ్ళి పిలిచాను. తిరగలేదు. భుజం మీద చెయ్యి వేస్తే ఉలిక్కిపడి చూసింది. మొహం కందిపోయి ఉంది. అలవాటు కొద్దీ నోట్లో థర్మామీటరు పెట్టాను. నూటొకటి చూపించింది.

"జ్వరం తగ్గాక చూద్దాం," అనబోయాను. మా తలుపు మీది కాగితం గుర్తొచ్చి ఆగిపోయాను.

ఆమెని బయట కళ్ళాపి చల్లిన నీడలో కూర్చోబెట్టి, మెడకి తడి తువ్వాలు చుట్టి, మిషను చెవులకి తగిలించాను. ఒళ్ళు చల్లబడేకొద్దీ ఒక్కొక్క కూతా తిరిగొచ్చింది. కాసేపటికి ఆమె తల తిప్పి, "మా అత్త లోపల నన్ను తిడతంది," అంది. నిజంగానే తిడుతోంది.

మర్నాడు ఉమాకాంతం గారు పళ్ళెంలో పెంచిన చెవి కణాలని సూక్ష్మదర్శిని కింద పెట్టి, కొంచెం కొంచెంగా వేడి చేశారు. తెర మీద అందరం చూశాం. మామూలు ఒంటి వేడి దగ్గర తిత్తులు పొరకి అతుక్కుని ఒలుకుతూనే ఉన్నాయి. నూరు దాటేసరికి గుమ్మంగాడు సోలిపోయాడు. తిత్తులు వచ్చి తలుపు దగ్గర నిలబడిపోయాయి. ఒకదాని వెనక ఒకటి, అలా చేరుతూనే ఉన్నాయి. చల్లారిస్తే వాడు లేచాడు. నూటమూడు దాటించి చల్లారిస్తే మాత్రం లేవలేదు. ఉడికిన కోడిగుడ్డులా బిగుసుకుపోయి, తనని తయారు చేసే కణాన్నే చంపేశాడు.

"మన గది ఎప్పుడూ చల్లగా ఉంటుంది," అన్నారాయన. "మన దగ్గరికి వచ్చేవాళ్ళని చల్లగా ఉంటేనే రమ్మన్నాం. వెచ్చటి చెవి ఒక్కటి కూడా మనం చూడలేదు సువర్చలా."

తలుపు మీద కాగితం ఆయనే పీకి, మడిచి జేబులో పెట్టుకున్నారు. సూది వేయించుకున్న వాళ్ళందరికీ ఆయనే స్వయంగా ఫోన్లు చేసి ఉన్నదున్నట్టు చెప్పారు. కొందరు తిట్టారు, కొందరు ఏడ్చారు. కొత్తవాళ్ళకి సూదులు ఆపేశారు. తరవాత వేడికి లొంగని రెండో గుమ్మంగాడిని తయారు చేశారు. వాడు లొంగలేదు సరే, తలుపు వెయ్యడం కూడా మానేశాడు. చప్పుడున్నా లేకపోయినా తిత్తులు ఒలుకుతూనే ఉండేవి. వాడిని పెట్టించుకున్న ఎలుకలు నిద్రపోలేదు. మూలల్లో తల రుద్దుకుంటూ తిరిగాయి. ఆయన రెండు రోజులు చూసి వాడిని పక్కన పెట్టేశారు. ఆ ఎలుకల్ని తలుచుకుంటే నాకిప్పటికీ బాధే.

వానాకాలంలో నూకరత్నం మళ్ళీ వచ్చింది. పొద్దున్నపూట, చల్లటి వేళ కూడా చప్పుళ్ళు పల్చబడ్డాయంది. పరీక్ష చేస్తే నిజమే, కొంచెం తగ్గింది. ఒళ్ళు చూస్తే తొంభైతొమ్మిదిన్నర. జలుబు లేదు, దగ్గు లేదు. నాకు అనుమానం వచ్చి, ఆడవాళ్ళం అడిగే ప్రశ్న అడిగాను. ఆమె వేళ్ళు మడిచి లెక్క పెట్టుకుంటూ మధ్యలో ఆగి, నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది. కడుపుతో ఉన్నప్పుడు మొదట్లో ఒళ్ళు కాస్త వెచ్చబడుతుంది.

"నెల తప్పిన సంగతి నా కోడలికి సెవులు సెప్పినాయి," అంటూ సన్యాసమ్మ ఆ వరండాలో కనబడ్డవాళ్ళందరికీ చెప్పింది.

ఉమాకాంతం గారు మాత్రం నవ్వలేదు. కానుపు నొప్పుల్లో ఒళ్ళు వేడెక్కుతుంది. నూరు దాటితే ఆమెకి వినబడదు. నూటమూడు దాటితే ఇక ఎప్పటికీ వినబడకపోవచ్చు. కడుపుతో ఉన్న మనిషికి కొత్త సూది వెయ్యకూడదు. వేద్దామన్నా వేడికి తట్టుకునే మందంటూ ఏదీ లేదు. ఇదంతా ఆమెకి దాచకుండా చెప్పారు.

నూకరత్నం అంతా విని, "బిడ్డ ఏడుపు నాకు ఇనబడతాదా బాబూ?" అని అడిగింది.

"చల్లగా ఉండే గదిలో, ముందే రోజు పెట్టుకుని ఆపరేషన్ చేస్తే వినబడొచ్చు," అన్నారాయన.

"అయితే కొయ్యండి," అంది.

విశాఖలో ఒక పెద్ద ఆస్పత్రిలో ఏర్పాటు చేశాం. ఆ ఏడు పెనం దగ్గరికి కోడల్ని రానివ్వకుండా సన్యాసమ్మే గరిటె పట్టింది. అంతా పద్ధతిగా నడిచింది. బిడ్డకి మాత్రం మా పద్ధతితో పని లేకపోయింది. అనుకున్న రోజుకి బాగా ముందే, మే నెల ఎండలో నొప్పులు మొదలయ్యాయి. విశాఖ దాకా తెచ్చే వ్యవధి లేదని, ఊరికి దగ్గరలో ఉన్న చిన్న ఆస్పత్రిలో చేర్చామని అప్పలసూరి ఫోన్ చేశాడు. కణాలు దాచుకునే పెట్టెలో ఐసు నింపుకుని ఉమాకాంతం గారూ నేనూ కారెక్కాం. దారి పొడుగునా ఆయన పెట్టె మూత తీసి ఐసు చూసుకుంటూనే ఉన్నారు.

మేం వెళ్ళేసరికి నూకరత్నం ఒళ్ళు నూటొకటి దాటింది. పైన పంకా తిరుగుతోంది గానీ వడగాలే విసురుతోంది. నన్ను చూసి ఆమె ఏదో చెప్పమన్నట్టు చూసింది. నేను ధైర్యం చెప్పాను. ఆమె నా పెదాలు చూస్తోంది. అప్పటికే చెవులు మూసుకున్నాయి.

నేను ఐసు నీళ్ళలో తువ్వాలు ముంచుతుంటే సన్యాసమ్మ నా చెయ్యి పట్టుకుంది. ఆమె రొంటిన దూది ఉండలు సిద్ధంగా ఉన్నాయి, భుజాన ఉన్ని దుప్పటి ఉంది. కాన్పయిన వెంటనే చెవుల్లో దూది పెట్టి, తలకి గుడ్డ చుట్టి, వెచ్చగా ఉంచాలి. ఆమెకి వాళ్ళమ్మ అలాగే చేసింది, ఆమె తన కూతుళ్ళకి అలాగే చేసింది.

"పురిటి మనిసికి సల్లనీళ్ళేటమ్మా? సన్నిపాతం పట్టి పోతే నువ్వు తెస్తావా నా కోడల్ని?"

కాన్పు చేయబోతున్న డాక్టరమ్మ మంచం అవతలినుంచే, "జ్వరం దించాలి, తుడవండి," అంది. అయినా సన్యాసమ్మ నా చెయ్యి వదల్లేదు. ఆమె మొండితనానికి నాకు కోపం వచ్చింది, ఆమె భయానికి జాలి కూడా వేసింది. అప్పుడు నూకరత్నం మంచం మీది నుంచి, తన పాత గట్టి గొంతుతో, "అత్తా, నాకేటీ ఇనబడడం లేదు," అంది. ఆ గొంతు ఆ ఇంట్లో రెండేళ్ళుగా లేదు. సన్యాసమ్మ చెయ్యి వదిలింది.

బిడ్డ బయటపడింది. ఆడపిల్ల. గదంతా అదిరేలా ఏడ్చింది. నూకరత్నం తల ఎత్తి ఆ చిన్న నోటినే చూస్తోంది.

"ఏడుస్తందా?" అని నన్ను అడిగింది.

తలూపాను.

"గట్టిగానా?"

తలూపాను. అంతకంటే కష్టమైన పరీక్ష నేనెప్పుడూ చెయ్యలేదు. ఒక చేత్తో ఫోన్ తీసి ఆ ఏడుపు పట్టుకున్నాను. ఇంకో చేతిలో థర్మామీటరు నూట రెండున్నర చూపిస్తోంది.

బిడ్డని తుడిచి తల్లి పక్కన పడుకోబెట్టారు. పాలు తాగి, ఏ గొడవా లేకుండా నిద్రపోయింది. సన్యాసమ్మ రొంటిలోంచి దూది తీసింది. దాన్ని ఒకసారి చూసుకుని, ఐసు నీళ్ళలో ముంచి పిండి, కోడలి చెవుల వెనక, మెడ మీద, నుదుటి మీద అద్దడం మొదలుపెట్టింది. వేడెక్కినప్పుడల్లా మళ్ళీ ముంచింది. ఉమాకాంతం గారు గుమ్మంలోనే నిలబడి, "నూటమూడు తగిలిందా?" అని మూడోసారి అడిగారు. "లేదు సార్," అన్నాను. మేం చూసినంతలో లేదు. చూడనప్పటి సంగతి ఎవరికి తెలుసు.

నూట రెండు. నూటొకటిన్నర. నూరుకి దిగాక కూడా ఆమె ఇంకా మా పెదాలే చూస్తోంది. ఉమాకాంతం గారు బయటికెళ్ళి బెంచీ మీద కూర్చున్నారు. అక్కడ అప్పలసూరి ఒళ్ళో హారిక ఉంది.

కొంతసేపటికి నూకరత్నం చిరాగ్గా పైకి చూసింది.

"ఆ పంకా ఏటి అలగ కీసుకీసుమంతంది? ఎవులూ నూనె ఎయ్యరేటి?"

సన్యాసమ్మ దూది అలాగే పట్టుకుని కూలబడింది. ఉమాకాంతం గారు లోపలికొచ్చి, పంకా కిందకి వెళ్ళి నిలబడి, దాన్నే చూస్తూ ఉండిపోయారు. నేను ఏడుస్తున్నాను. ఏం దాచుకోలేదు.

నూకరత్నం బిడ్డ వైపు తిరిగింది. బిడ్డ హాయిగా నిద్రపోతోంది. నేను ఫోన్ తీసి, "మొదటి ఏడుపు ఇందులో ఉంది, విను," అన్నాను.

ఆమె నా చెయ్యి మెల్లగా పక్కకి నెట్టింది. "అది అయిపోయిన ఏడుపు మేడమ్. అప్పుడు నేను పలకలేదు కదా."

ఆ బిడ్డ ఎప్పుడు లేస్తుందో, అప్పటికి తల్లి ఒళ్ళు మళ్ళీ వేడెక్కుతుందో ఏమో. నిద్రపోయే పసిబిడ్డని ఎవరైనా ముట్టుకుంటే సన్యాసమ్మ ఎలా మీద పడుతుందో మాకు తెలుసు. అందుకని అందరం చేతులు కట్టుకుని నించున్నాం. సన్యాసమ్మే లేచింది. బిడ్డ కాళ్ళ దగ్గర గుడ్డ తప్పించి, "తప్పు నాది తల్లీ, నన్ను తిట్టుకో," అని, చూపుడు వేలితో ఆ అరికాలి మీద టప్పున ఒక్కటి కొట్టింది.

బిడ్డ మొహమంతా ముడుచుకుంది. ఊపిరి లోపలికి పీల్చింది. ఏడ్చింది.

నూకరత్నం సగం లేచేసింది. కుట్లున్నాయి, లేవకూడదని నర్సు అరుస్తున్నా వినిపించుకోలేదు. "వస్తన్నా, వస్తన్నా తల్లీ," అంటోంది. పక్కనే ఉన్న బిడ్డకి ఎక్కడినుంచో పరిగెత్తుకొస్తున్న మనిషిలా అదే మాట అంటూ, రెండు చేతులా ఎత్తుకుని గుండెకి హత్తుకుంది.

గుమ్మంలో హారిక నిలబడి ఇదంతా చూస్తోంది. ఏడ్చిన పిల్ల దగ్గరికి అమ్మ వెళ్ళడం అది మొదటిసారి చూసింది. తల్లి కొంగు మంచం అంచున వేలాడుతోంది, నాలుగడుగులు వేస్తే అందుతుంది. అది కదల్లేదు. నోరు తెరిచి, మూసి, మళ్ళీ తెరిచి, "అమ్మా," అంది. పెద్దగా అనలేదు.

నూకరత్నం తల తిప్పి చూసింది.

మేం బయల్దేరే వేళకి ఆమె ఒళ్ళు తొంభైతొమ్మిది దగ్గర నిలబడింది. సన్యాసమ్మ సంచిలోంచి పాత దారం ఉండ తీసి చిక్కు విప్పుతోంది. ఇంకా అదెందుకని నేను అడిగాను.

"జరం రాని మనిసుంటాదేటమ్మా? ఇనబడిన నాడు ఇంటాది. ఇనబడని నాడు ఇది లాగుతాది," అని, రెండో కొస ఉమాకాంతం గారికి అందించింది. "పట్టుకోండి బాబూ, ఊరికే నించున్నారు."

ఆయన పట్టుకున్నారు. ఆమె మొదటి కొస మంచం పక్కనున్న ఉయ్యాల కర్రకి ముడి వేసేదాకా, దారం ఎంత వదులుగా ఉండాలో అడుగుతూ అక్కడే నిలబడ్డారు.